ఏరు ఎటు తిప్పితే... సైకిలు అటు!

విశాఖపట్నం నుంచి బారువ దాకా... ఎర్రమట్టి దిబ్బలు, రిసార్టులు, నదీ సంగమాల మీదుగా ఆరు రోజుల సైకిలు ప్రయాణం.

పటం మీద వేలుపెట్టి చూస్తే ఉత్తరాంధ్ర తీరం ఎంత తిన్నగా కనిపిస్తుందో! కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క తూర్పు కనుమలు, మధ్యలో ఒకే ఒక్క గీత. ఆ గీత పట్టుకుని తొక్కుకుంటూ పోతే చాలు, ఒడిశా సరిహద్దు వచ్చేస్తుందనిపిస్తుంది. సైకిలెక్కి చూడండి, సంగతి తెలుస్తుంది. గోస్తనీ, చంపావతీ, నాగావళీ, వంశధారా, మహేంద్రతనయా... ఒక్కో నది ఆ గీతని ఒక్కోచోట తెంపేస్తుంది. నది సముద్రంలో కలిసేచోట ఎదురుగా అవతలి ఒడ్డు, అక్కడ ఆరేసిన వలలు, ఆడుకుంటున్న పిల్లలు అన్నీ కనిపిస్తాయి. వెళ్లడానికి మాత్రం దారుండదు. వంతెన కోసం కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోవాలి. మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. కార్లో జాతీయ రహదారి మీద దూసుకుపోయేవాళ్లకి ఈ నదులు పచ్చబోర్డుల మీద పేర్లు, అంతే. సైకిలు వాళ్లకి మాత్రం ఒక్కో నదీ ఒక్కో పూట.

మేం నలుగురం. బ్యాంకు ఉద్యోగి ఒకరు, హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు ఒకరు, ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న కుర్రాడొకడు, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న నేను. కుర్రాడిది ఇరవయ్యొక్క గేర్ల బండి. యాభై దాటిన మాస్టారిది వెనక క్యారియరూ, ముందు బుట్టా ఉన్న మామూలు సైకిలు. ఆరు రోజులూ ముందెవరు తొక్కారో చెప్పనక్కర్లేదనుకుంటా... మాస్టారే!

ఈ దారిలో ఎప్పుడు వెళ్లాలన్నది ఎండని బట్టి కాదు, గాలిని బట్టి తేల్చుకోవాలి. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్యపు గాలి. విశాఖ నుంచి ఉత్తరానికి తొక్కేవాళ్లకి అది నేరుగా మొహమ్మీదికొస్తుంది. ఫిబ్రవరి నడిమికి గాలి దక్షిణానికి మళ్లుతుంది. మధ్యాహ్నం దాటాక వీపు మీద చెయ్యేసి తోసినట్టే ఉంటుంది. మేం బయల్దేరింది ఫిబ్రవరి మూడో వారంలో. సంక్రాంతి సెలవుల్లోనే కుదురుతుందంటే ఓ పని చేయండి. సైకిళ్లు రైల్లో వేసుకుని సోంపేటలో దిగి విశాఖ వైపు తొక్కండి. గాలి మీ వెనకే ఉంటుంది.

ముప్ఫై కిలోమీటర్లలో లోకమంతా!

రామకృష్ణా బీచ్ దగ్గర, కురుసుర జలాంతర్గామి నీడలో తెల్లారుజామున అయిదున్నరకి మొదలుపెట్టాం. సోవియట్ యూనియన్లో తయారై, 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఈ జలాంతర్గామి 2002లో మ్యూజియంగా ఒడ్డుకెక్కింది. అక్కడి నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే బీచ్‌రోడ్డుని మెచ్చుకోని వాళ్లుండరు. కైలాసగిరి దగ్గర కొండ నేరుగా వచ్చి సముద్రంలో కాలు పెట్టినట్టుంటుంది. కొండకీ నీటికీ మధ్య ఉన్న కాస్త జాగాలోంచే రోడ్డు. తర్వాత రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు అందుకున్న బీచ్ ఇది. పైన కొండమీద ఒకప్పుడు పర్యాటక శాఖ రిసార్టు ఉండేది. దాన్ని తీసేసి కట్టిన భవనాల గురించి పేపర్లలో మీరు చదివే ఉంటారు కాబట్టి ముందుకు పోదాం.

ఇక్కడి నుంచి రిసార్టులే రిసార్టులు. రెండు ప్రహరీల మధ్య సందు దొరికిన చోట సముద్రం కిటికీలోంచి చూసినట్టు కనిపిస్తుంది, మళ్లీ మాయమవుతుంది. గదిలోంచి సముద్రం కనబడితే ఒక రేటు, కనబడకపోతే ఒక రేటు. రోడ్డుమీద సైకిలు తొక్కేవాడికి కనబడాలా వద్దా అన్న సంగతి ఎవరి లెక్కలోనూ ఉన్నట్టు లేదు.

తొట్లకొండ ఎక్కడం కాళ్లకి మొదటి పరీక్ష. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వానాకాలం కొండమీదే గడపడానికి రాతిలో తొట్లు తొలిచి నీళ్లు నిల్వ చేసుకున్నారు. ఆ తొట్ల వల్లే ఈ పేరు. వాళ్లు కూర్చున్న చోటు నుంచి చూస్తే కింద మంగమారిపేట తీరం, అలలు తొలిచిన సహజ శిలాతోరణం, దూరంగా చేపల పడవలు... ఎంచుకున్నవాళ్లకి మంచి కన్నుందని ఒప్పుకోవాలి.

భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు. తెలుగు సినిమా పాటల్లో మీరు చూసే ఉంటారు. కానీ కెమెరా చెప్పని కథ ఒకటుంది. వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం వంద మీటర్లకి పైగా కిందికి పోయింది. నీరు వెనక్కి తగ్గడంతో బయటపడిన ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఇసుకలోని ఇనుము గాలికీ తేమకీ ఎర్రబడింది. తర్వాత వానలు ఆ దిబ్బల్ని కోసి లోయలు చేశాయి. కొన్నిచోట్ల ఆ గోడలు తాటిచెట్టంత ఎత్తున కనిపిస్తాయి. చేత్తో ముట్టుకుంటే మాత్రం రాలిపోతాయి! ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. దక్షిణాసియాలో మరెక్కడా పెద్దగా కనిపించవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది. సైకిళ్లు రోడ్డుమీదే ఆపి నడిచి వెళ్లాం. టైర్ల జాడలు పడితే వాన ఆ గాడిలోంచే కోసుకుపోతుందట.

భీమునిపట్నంలో మొదటి మకాం. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికొచ్చిన రేవు ఇది. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసేచోట కూర్చున్నాం. బొర్రా గుహల్లోంచి వచ్చే నది ఇదే. అంత రాతిని తొలుచుకొచ్చినది ఇక్కడ ఇసుక మేట దగ్గర దారి వెతుక్కుంటూ ఎటు పోవాలా అన్నట్టు నిలబడింది.

మాస్టారి లెక్క

రెండోరోజు పొద్దున్నే చద్దన్నంలా చల్లగా చోడి అంబలి తాగి చిట్టివలస వైపు లోపలికి తిరిగాం. ఇక్కడితో బీచ్‌రోడ్డు సంబరం ముగిసినట్టే. 2009లో మూతపడ్డ జూట్ మిల్లు పక్క నుంచి తగరపువలస, అక్కడ గోస్తని దాటి భోగాపురం. 2023లో పనులు మొదలైన విమానాశ్రయం ఇక్కడే. దాని వెంట బీచ్ కారిడార్ అనే మాట కూడా ఈ ఊళ్లలో అందరి నోటా వినిపిస్తుంది. టీకొట్టు దగ్గర మేం దారి అడిగితే భూమి కొనడానికొచ్చామనుకుని ఒకాయన గజం రేటు మొదలుపెట్టాడు! సైకిళ్లు చూసి ఆయనకే నవ్వొచ్చింది.

ముక్కాం అనే మత్స్యకార గ్రామం దాకా వెళ్లి సముద్రాన్ని పలకరించి వెనక్కొచ్చాం. ముందు చంపావతి అడ్డం. అది కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా దారి నాతవలస వంతెన మీదుగా. అక్కడి నుంచి పూసపాటిరేగ, మళ్లీ కుడికి తిరిగి చింతపల్లి. పొద్దుగూకే వేళకి చింతపల్లి దీపస్తంభం కనిపించింది. సముద్రంలో దాగున్న రాళ్లకి తగలకుండా ఓడల్ని హెచ్చరించడానికి 1847లోనే ఇక్కడ దీపం పెట్టారు. పాత పటాల్లో దీని పేరు శాంతపిల్లి.

రాత్రి ఇసుకలో కూర్చుని మాస్టారు ఓ చీటీ తీశారు. విజయనగరం జిల్లాకి ఉన్న తీరం మొత్తం 28 కిలోమీటర్లు. ఆ 28 కిలోమీటర్లు దాటడానికి భీమిలి నుంచి ఆ రోజు మేం తొక్కింది అరవైకి పైనే. ‘‘ఇంతకీ మన రాష్ట్రానికి తీరమెంత?’’ అనడిగారు కుర్రాణ్ని. ‘‘974 కిలోమీటర్లు సార్’’ అన్నాడు వాడు ఠక్కున. చిన్నప్పటి నుంచీ మనందరం బట్టీపట్టిన అంకె అదే. ‘‘ఇప్పుడు 1053’’ అన్నారాయన.

నిజమే. కేంద్ర హోంశాఖ 2023-24 నివేదికలో దేశం మొత్తం తీరరేఖని కొత్తగా కొలిచి చెప్పారు. 7,516 కిలోమీటర్లనుకున్నది 11,098కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్ 1053కి చేరింది. సముద్రమేం సాగలేదు, కొలిచే బద్ద చిన్నదైంది. పెద్ద స్కేలు పెడితే వంకర్లన్నీ ఎగిరిపోయి తిన్నటి గీతే మిగులుతుంది. దారం పెట్టి ప్రతి మలుపునీ, ప్రతి ఏటి మొగనీ చుట్టొస్తే పొడుగు పెరుగుతూనే ఉంటుంది. ‘‘కారుది పెద్ద స్కేలు, మనది దారం’’ అన్నారు మాస్టారు. పదో తరగతి పిల్లలు అదృష్టవంతులనిపించింది.

ఇంటిపట్టున ఉండని ఊళ్లు

మూడోరోజు పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీల వాసన ముక్కుపుటాలకి తగులుతుండగా శ్రీకాకుళం జిల్లాలో అడుగుపెట్టాం. రాష్ట్రంలో ఎక్కువ తీరమున్న జిల్లాల్లో ఇదొకటి. పాత లెక్కలో 193 కిలోమీటర్లు. రహదారి వదిలి ఎచ్చెర్ల మండలంలోని బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం వైపు తిరిగాం. సరుగుడు తోటల మధ్య ఇసుక దారి. తొక్కడానికి లేదు, దిగి తోసుకుంటూ పోవడమే.

మత్స్యలేశం పేరు చెబితే మీకు ‘తండేల్’ సినిమా గుర్తొస్తుంది. 2025లో వచ్చిన ఆ సినిమాకి మూలం ఈ తీరపు మత్స్యకారుల జీవితాలే. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన బోట్లు 2018 నవంబరులో పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లాయంటూ అక్కడి అధికారులు పట్టుకున్నారు. బోట్లలో ఉత్తరాంధ్రవాళ్లు ఉన్నారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపాక, 2020 జనవరిలో వాళ్లలో ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి ఇంటికొచ్చారు.

ఎదురుగా ఇంత సముద్రముంటే రెండు వేల కిలోమీటర్లవతలి సముద్రానికి పోవడమెందుకు? ఊళ్లోకి వెళ్తే ఆ ప్రశ్న అడగక్కర్లేదు. ఒడ్డున ఉన్నవన్నీ చిన్న పడవలే. అలల్ని చీల్చుకుంటూ ఇసుక మీద నుంచి లోపలికి తోసుకుపోవాలి, తిరిగొచ్చి మళ్లీ ఇసుక మీదికి లాగాలి. పెద్ద బోటు తెచ్చుకుంటే నిలపడానికి చోటు లేదు. అన్ని నదులు కలిసే తీరమే గానీ, మొగల్లో ఇసుక మేటలు వేయడంతో పడవకి నమ్మకమైన దారి ఉండదు. దగ్గర్లోని పెద్ద చేపలరేవు విశాఖలోనే. అందుకే ఆగస్టులో మగవాళ్లు జట్లు జట్లుగా రైలెక్కుతారు. నెల జీతానికి అక్కడి బోట్లలో పనిచేసి వేసవిలో తిరిగొస్తారు. మేం వెళ్లింది ఫిబ్రవరిలో కాబట్టి ఊళ్లో కనిపించినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే.

ఇసుక మీద నెత్తళ్లు ఆరబెడుతున్న ఓ పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. ‘‘ఏటి బావూ, సైకిళ్లట్టుకుని ఎక్కడికెల్తన్నారు?’’

‘‘బారువ దాకా అమ్మా.’’

‘‘బస్సుల్లేవేటి?’’

నలుగురం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఇద్దరు కొడుకులూ వెరావల్లోనే ఉన్నారట. పెద్దవాడు ఈసారి వద్దంటే వినలేదట. ‘‘అడావుడిగా ఎల్లిపోనాడు. కూతురికి పెళ్లి సెయ్యాల కదా’’ అంది. రోజూ ఫోన్ చేస్తాడా అని బ్యాంకాయన అడిగారు. బోటు లోపలికి వెళ్తే పది, పదిహేను రోజులు ఫోన్ కలవదట. ఆ రోజు పన్నెండో రోజు. కూర్చోమని చాప వేసి, ఎండు నెత్తళ్లు వేయించి, అన్నంలో పెట్టింది. డబ్బులివ్వబోతే మొహం పక్కకి తిప్పుకుంది. బ్యాంకాయన జేబులో చెయ్యి అలాగే ఉండిపోయింది.

బుడగట్లపాలెంలో హార్బరు మాట ఏళ్లుగా వినబడుతోంది. అది కడితే ఎంతమంది ఊళ్లో ఉంటారో చెప్పలేం. విమానాశ్రయాలూ, రిసార్టులూ ఏళ్లలో లేచే తీరంలో పడవ కట్టుకునే గట్టుకి ఇంత కాలం ఎందుకు పడుతుందో మాత్రం సైకిలు మీద ఎంత దూరం తొక్కినా అర్థం కాలేదు.

రెండు ధ్వజస్తంభాలు, రెండు సంగమాలు

శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటి పడుకున్నాం. నాలుగోరోజు తేలిక. బలరాముడు నాగలితో గీసిన చాలే నాగావళి అయిందని ఐతిహ్యం. కళ్లేపల్లి దగ్గర ఆ చాలు సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి శ్రీకూర్మం. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే అరుదైన గుడి. తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలుండటం ఇక్కడి మరో విశేషం. గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు మా సైకిళ్ల కన్నా కొంచెమే నెమ్మది.

మధ్యాహ్నానికి కళింగపట్నం. ఒకప్పటి రేవు. ఇప్పుడు దీపస్తంభం, విశాలమైన బీచ్, వంశధార సంగమం. ఈ ప్రయాణంలో చూసిన సంగమాలన్నిట్లోకీ నాకు నచ్చింది ఇదే. నది వెడల్పు, ఇసుక తెలుపు, జనం పలచన... మూడూ కుదిరాయి. కాస్త ఎగువన, వంశధార గట్టున శాలిహుండం కొండ. ఇక్కడా బౌద్ధ స్తూపాలే! తొట్లకొండ నుంచి ఇక్కడిదాకా సంగమానికొక స్తూపమున్నట్టే అనిపిస్తుంది. రేవులుండేవి కాబట్టి వర్తకులుండేవారు, వర్తకులుండేవారు కాబట్టి భిక్షువులుండేవారు. తీరం నుంచి బతుకు వెతుక్కుంటూ బయటికి పోవడం కాదు, బతుకుతెరువు వెతుక్కుంటూ తీరానికే వచ్చిన కాలమది.

కొంగలూ... ఉప్పు మళ్లూ...

అయిదోరోజు మడపాం వంతెన మీదుగా వంశధార దాటి నరసన్నపేట, టెక్కలి. ఎండ ముదిరింది. రహదారి మీద లారీల గాలికి సైకిలు పక్కకి జరుగుతుంది. ఈ భాగంలో పిల్లల్ని తీసుకెళ్లొద్దు. టెక్కలి దాటాక తేలినీలాపురం చేరాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఊళ్లోని చింతచెట్ల మీదా, తుమ్మచెట్ల మీదా పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్కులూ గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు. ఇక్కడ గూడుకట్టే ఈ రెండూ నిజానికి మన ఉపఖండపు పక్షులే. అయితేనేం, ఇవి వచ్చిన ఏడాది పంటలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం.

పక్షులు ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం పక్కనే ఉన్న నౌపడ ఉప్పుమళ్లూ, చిత్తడి నేలలూ. ఆ చిత్తడిలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వద్దంటూ జనం తిరగబడటం, 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరగడం పాఠకులకి గుర్తుండే ఉంటుంది. అంతకుముందే, 2010 జూలై 14న, సోంపేట బీల కోసం అలాంటి కాల్పులే జరిగాయి. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. కొంచెం ముందుకెళ్తే మూలపేట. 2023 ఏప్రిల్లో ఇక్కడ ఓడరేవు పనులు మొదలయ్యాయి. ఉప్పుమళ్ల మీదుగా క్రేన్లు కనిపిస్తుంటే, కుర్రాడు పెలికాన్ల ఫొటో తీసుకున్నాడు. ఫ్రేములోకి క్రేను రాకుండా నాలుగుసార్లు చోటు మారాడు. అయిదోసారి దాన్ని కూడా కలిపే తీశాడు.

కొబ్బరి నీడలో...

ఆఖరిరోజు ఉద్దానం. ఆ పేరులోనే ఉద్యానం ఉందంటారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... కొబ్బరి, జీడిమామిడి, పనస కలగలిసిన తోటల మధ్య సన్నటి రోడ్లు. జీడిమామిడి పూత వాసన. ఆరు రోజుల్లో సైకిలుకి ఇంతకన్నా మంచి దారి దొరకలేదు. అయినా చెట్ల వరసల్లో ఖాళీలు తెలుస్తూనే ఉంటాయి. 2018 అక్టోబరు 11న తీరందాటిన తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కూల్చినవి అవి. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. తోట పోయినవాళ్లలో కొందరు ఆలోగా వలస బాట పట్టారు.

ఇక్కడ ఎవరింటి ముందు ఆగి మంచినీళ్లడిగినా ఇచ్చేవాళ్లు ఒక్కక్షణం తటపటాయిస్తారు. కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా ఈ పల్లెల్ని ఎందుకు పీడిస్తోందో శాస్త్రవేత్తలకే తేలలేదు. నీటిమీద అనుమానం మాత్రం జనంలో పాతుకుపోయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో ఈ ఊళ్లకి తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. మేం రెండు రోజులు తిప్పలుపడి దాటొచ్చిన వంశధారే, మాకన్నా ముందే ఉద్దానం చేరిందన్నమాట! ఓ ఇల్లాలు గ్లాసు చేతికిస్తూ ‘‘కుళాయి నీళ్లే బావూ, తాగండి’’ అని మరీ చెప్పింది.

అక్కుపల్లి శివసాగర్ బీచ్ దగ్గర కాసేపు ఆగి, చీకటిపడే వేళకి బారువ చేరాం. మహేంద్రగిరి నుంచి దిగిన మహేంద్రతనయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఇదీ ఒకప్పటి రేవే. 1917లో మునిగిన చిల్కా అనే ఓడ శిథిలాలు ఇక్కడి నీళ్లలో ఉన్నాయి. ఈ తీరానికి శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. ఆ రాత్రి ఒడ్డు వెంట నడుస్తుంటే ఇసుకలో ట్రాక్టరు టైరు గుర్తులాంటి జాడ కనిపించింది. నీళ్లలోంచి పైకి ఒకటి, పైనుంచి నీళ్లలోకి ఒకటి. తాబేలు వచ్చి వెళ్లిపోయింది. గుడ్లని కుక్కల పాలుకాకుండా సంరక్షణ కేంద్రానికి చేర్చే కాపలా కుర్రాళ్లు టార్చిలు ఆర్పమన్నారు. ఆర్పేసి నిలబడ్డాం.

మర్నాడు సోంపేట స్టేషన్లో సైకిళ్లు లగేజీలో బుక్ చేసి విశాఖ రైలెక్కాం. మాస్టారు చీటీ తీసి ఆఖరి అంకె వేశారు: 312 కిలోమీటర్లు. వంశధార వంతెన మీద రైలు నిమిషమైనా పట్టకుండా దాటేసింది. నాగావళి వచ్చేసరికి కుర్రాడు నిద్రపోతున్నాడు. బ్యాంకాయన మాత్రం ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మత్స్యలేశంలో పెద్దావిడ పక్కింటివాళ్ల నెంబరు తీసుకున్నారట. ఎవరో ఎత్తారు. కొడుకు బోటు నిన్న సాయంత్రమే వెరావల్ వచ్చిందట.

‘‘పదిహేనో రోజు’’ అన్నారాయన, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.